రాత్రి పదిన్నరకు మొదలైన గురక: ఒక తలగాయం కేసు

ముందుగా ఒక వివరణ. ఇది ఒక్క మనిషి కేసు కాదు. పత్తికొండ, ఆదోని, డోన్, నంద్యాల వైపు నుంచి రాత్రిపూట కర్నూలు చేరే తలగాయాల్లో ఒకే దారిలో నడిచిన కొన్నిటిని కలిపి ఒక పేషెంటుగా కూర్చాం. సమయాలు, కొలతలు అలాంటి కేసుల్లో ఎదురయ్యేవే.

పేషెంటు వయసు 34, రైతు, బరువు 62 కిలోలు. బీపీ, షుగరు, ఫిట్స్ లేవు. రక్తాన్ని పలచబరిచే మందులేవీ వాడటం లేదు. నవంబరు చివర్లో పత్తికొండ మార్కెట్లో టమాటా అమ్ముకుని మోటారు సైకిల్ మీద ఊరికి వస్తున్నాడు. హెల్మెట్ ఇంట్లో చిలక్కొయ్యకు వేలాడుతోంది. తారు రోడ్డు మీద ఒక పక్కంతా మొక్కజొన్న ఆరబోశారు, బండ్లు గింజల మీదికి ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేర్చారు. ఆ కాలంలో మన వైపు రోడ్లన్నీ కళ్లాలే. చీకట్లో ముందు చక్రం రాయికి తగిలింది. మనిషి ఎగిరి కుడి పక్కకు, తల నేలకు తగిలేలా పడ్డాడు. సమయం 7:40.

ఆ రాత్రి జరిగింది వరుసగా ఇదీ:

7:40 – పడ్డాడు. మూడు నాలుగు నిమిషాలు పిలిచినా పలకలేదు. తర్వాత లేచి కూర్చున్నాడు, మాట్లాడాడు.
8:10 – 108లో ఎక్కించారు. దారిలో ఒక వాంతి.
8:25 – దగ్గర్లోని ఆసుపత్రి. నడిచి దిగాడు.
9:05 – కుట్లు వేసి ఇంటికి పంపారు.
9:50 – ఇల్లు. అన్నం వద్దన్నాడు. తలనొప్పి. రెండో వాంతి.
10:30 – నిద్ర, గట్టిగా గురక.
11:15 – భార్య లేపితే మూలిగాడు తప్ప లేవలేదు. 108కి ఫోన్.
11:40 – అంబులెన్స్ బయల్దేరింది.
1:15 – కర్నూలులో న్యూరోసర్జరీ ఉన్న ఆసుపత్రి.
1:40 – సీటీ స్కాన్.
2:25 – ఆపరేషన్ మొదలు.

దెబ్బ తగిలింది మొదలు పుర్రె తెరిచేదాకా ఆరు గంటల ముప్పావు పట్టింది. కర్నూలు ఆసుపత్రిలో గడిచింది అందులో 70 నిమిషాలే. మిగతా సమయమంతా మొదటి ఆసుపత్రిలోనూ, దారిలోనూ, ఇంట్లో గురక వింటూనూ పోయింది.

మొదటి ఆసుపత్రి చీటీ

ఓపీ చీటీ మీద ఉన్నది ఇంతే: స్పృహలో ఉన్నాడు, మాట స్పష్టం, జీసీఎస్ (స్పృహను కొలిచే గ్లాస్గో కోమా స్కేలు) 15/15, కుడి కనుబొమ్మ మీద మూడు సెంటీమీటర్ల చీలిక, నోట్లో మద్యం వాసన. నాలుగు కుట్లు, టీటీ, డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, వాంతికి ఓండన్‌సెట్రాన్ ఇంజెక్షన్. రేపు రమ్మన్నారు.

చీటీ మీద లేనివి బావమరిదిని అడిగితే బయటికొచ్చాయి. "బండి యాడుండాది అని అడిగినాడు సార్. పోలీసోళ్లు పక్కన పెట్టినారని చెప్పినా. రెండు నిమిషాలకు మళ్లా అదే. మూడు నాలుగు సార్లు అడిగినాడు." ఆ ఒక్క మాటతో జీసీఎస్ 15 కాస్తా 14 అవుతుంది. చెప్పింది నిలవక మళ్లీ మళ్లీ అదే ప్రశ్న వేసేవాడు ఎంత స్పష్టంగా మాట్లాడినా అయోమయంలో ఉన్నట్టే, మాటకు ఐదుకు నాలుగే. ఉచ్చారణ బాగుంటే మెదడు బాగుందనుకోవడం ఓపీలో రోజూ జరిగే పొరపాటు.

రెండోది, జ్ఞాపకం. మార్కెట్లో డబ్బు లెక్కపెట్టుకోవడం వరకే అతనికి గుర్తుంది. అక్కణ్నుంచి దెబ్బ తగిలిన చోటికి యాభై నిమిషాల ప్రయాణం, అదంతా ఖాళీ. దెబ్బకు ముందరి అరగంట, లేదా అంతకు మించిన సమయం జ్ఞాపకం లేకపోతే సీటీ తీయాలని 2001 నాటి కెనడియన్ సీటీ హెడ్ రూల్ చెబుతుంది. అదే నియమంలో రెండు సార్లు వాంతి, 65 ఏళ్లు, లేదా అంతకు మించిన వయసు, పుర్రె లోపలికి నొక్కుకుపోయిన అనుమానం, పుర్రె అడుగు భాగం విరిగిన గుర్తులు, దెబ్బ తగిలిన రెండు గంటలకు కూడా జీసీఎస్ 15కు రాకపోవడం ఉన్నాయి. చివరిదాన్ని తేలిగ్గా దాటేస్తాం. రెండు గంటలకు చూడాలంటే రెండు గంటలకు మనిషి మన కళ్ల ముందుండాలి. ఇతను దెబ్బ తగిలిన 85 నిమిషాలకే గేటు దాటాడు.

మూడోది, చేతివేళ్లతో తెలిసేది. కనుబొమ్మ మీద రక్తం కారుతోంది కాబట్టి చూపంతా అక్కడే నిలిచింది. కుడి చెవికి పైన, జుట్టు కింద, అరచేతంత మెత్తటి వాపు ఉంది. కర్నూలులో జుట్టు తీసినప్పుడు అది కొట్టొచ్చినట్టు కనిపించింది. తలగాయం వస్తే పది వేళ్లూ జుట్టులోకి పోనిచ్చి తలంతా తడమాలి, ముఖ్యంగా కణతలు, చెవి వెనక, మెడ పైభాగం. చర్మం చీలనంత మాత్రాన ఎముక విరగలేదని కాదు.

నాలుగోది 108 సిబ్బంది రాసిన కాగితం. మూడు నాలుగు నిమిషాలు పలకలేదనీ, దారిలో వాంతి అయిందనీ అందులో ఉంది. దాన్ని ఎవరూ అడిగి తీసుకోలేదు. తాను స్పృహ తప్పిన సంగతి పేషెంటు చెప్పలేడు, చూసినవాళ్లే చెప్పాలి.

చిన్న ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఒక్కరే డాక్టరు, పక్క గదిలో కాన్పు, బయట తేలు కుట్టిన పిల్లవాడు. ఆ స్థితిలో ఇవన్నీ జారిపోవడం అర్థమవుతుంది. కానీ జారిపోయినవి ఖరీదైన పరీక్షలేమీ కావు. ఒక ప్రశ్న, వేళ్లతో ఒక తడుము, ఒక కాగితం, ఇంకో గంట బెంచీ మీద కూర్చోబెట్టడం.

లోపల జరుగుతున్నది

కణత దగ్గర పుర్రె ఎముక పలచన. దాని లోపలి వైపు చిన్న గాడిలో మధ్య మెనింజియల్ ధమని పోతుంది. అక్కడ ఎముక చీలితే ధమని తెగి, రక్తం ఎముకకూ దాని కింది డ్యూరా పొరకూ మధ్య చేరుతుంది. ఇది ఎపిడ్యూరల్ రక్తపు గడ్డ. డ్యూరా ఎముకకు గట్టిగా అతుక్కుని ఉంటుంది కాబట్టి రక్తం దాన్ని కొంచెం కొంచెంగా ఊడదీసుకుంటూ పోవాలి. దానికి గంటలు పడుతుంది. పడినప్పుడు స్పృహ తప్పించింది మెదడు కుదుపు. అది తగ్గి మనిషి లేచి మాట్లాడతాడు. ఈలోగా లోపల గడ్డ పెరుగుతుంటుంది. నడుమ ఉన్న ఆ తేరుకున్న సమయాన్ని చూసే అందరూ మోసపోతారు. ఎపిడ్యూరల్ గడ్డ ఉన్న ప్రతివారిలోనూ అది కనిపించదు. కొందరికి స్పృహ అసలు తప్పదు, కొందరికి తప్పింది తిరిగి రాదు. కాబట్టి అది లేదని ధైర్యపడటానికీ వీల్లేదు.

పుర్రె మూత బిగిసిన కుండ. లోపల సుమారు 80 శాతం మెదడు, మిగతాది రక్తం, వెన్నుద్రవం. గడ్డ పెరిగేకొద్దీ మొదట వెన్నుద్రవం కిందికి, సిరల్లోని రక్తం బయటికి జరిగి చోటిస్తాయి. ఆ వెసులుబాటు ఉన్నంతసేపు తలనొప్పి, వాంతి తప్ప ఏమీ కనిపించదు. అది అయిపోయాక ఇంకో ఐదారు మిల్లీలీటర్ల రక్తం చాలు, ఒత్తిడి నిట్టనిలువుగా లేస్తుంది. "పదింటి దాకా బాగుండాడు సార్, ఒక్కసారిగా ఇట్లయిపాయ" అని ఇంట్లోవాళ్లు చెప్పేది నిజమే.

ఇక గురక. భార్య మాట: "ఎప్పుడూ గురక పెట్టడు. ఆ పొద్దు ట్రాక్టరు మాదిరి పెట్టినాడు. అలిసి పడుకున్యాడులే, లేపొద్దు అనుకున్యాం." స్పృహ తగ్గితే నాలుక వెనక్కి జారి గొంతు సగం మూసుకుంటుంది, ఆ శబ్దమే గురక. గాలి చాలకపోతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. అది పెరిగితే మెదడు రక్తనాళాలు వెడల్పవుతాయి, కుండలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, స్పృహ ఇంకా తగ్గుతుంది. ఒకదాన్నొకటి తోసుకుపోయే చక్రం ఇది. తలకు దెబ్బ తగిలిన రాత్రి కొత్తగా గురక మొదలైతే వెంటనే లేపి చూడాలి. పూర్తిగా లేచి తిట్టినా మంచిదే.

కర్నూలు చేరేసరికి

జీసీఎస్ 8: నొప్పి కలిగిస్తే కళ్లు తెరుస్తున్నాడు 2, మూలుగులే తప్ప మాట లేదు 2, గోరు నొక్కితే చెయ్యి లాక్కుంటున్నాడు 4. కుడి కనుపాప 6 మి.మీ., వెలుతురుకు కదలిక లేదు. ఎడమది 3 మి.మీ., చురుగ్గా ఉంది. ఎడమ చెయ్యి, కాలు కుడివాటికంటే తక్కువ కదులుతున్నాయి. బీపీ 170/100, నాడి 52. ఆక్సిజన్ 88 శాతం. వేలి రక్తంలో షుగరు 138.

ముందు గాలి దారి. మెడ కదలకుండా పట్టుకుని దవడ ముందుకు ఎత్తి, నోట్లోని వాంతిని సక్షన్ చేసి ఆక్సిజన్ పెడితే 96కు వచ్చింది. జీసీఎస్ 8 కాబట్టి శ్వాసకు గొట్టం వేశారు. ఒకరు మెడను నిటారుగా పట్టుకోగా, బీపీ పడిపోని మత్తు మందుతో. మంచం తలవైపు 30 డిగ్రీలు ఎత్తు. మెదడులో ఒత్తిడి తగ్గించే 20 శాతం మ్యానిటాల్ 300 మి.లీ. పావుగంటలో, అంటే 60 గ్రాములు, కిలోకు దాదాపు ఒక గ్రాము. యూరిన్ గొట్టం దానికి ముందే వేయాలి. పై బీపీ తక్కువగా ఉన్న పేషెంటుకైతే మ్యానిటాల్ ఇవ్వకూడదు, మూత్రంగా పోయి బీపీ ఇంకా కూలుతుంది. అప్పుడు 3 శాతం సెలైన్ 250 మి.లీ. మేలు.

సీటీలో కుడి కణత నుంచి నడినెత్తి వైపుకు కటకం ఆకారంలో తెల్లటి గడ్డ. పొడవు 7.2 సెం.మీ., మందం 3.2, ఎత్తు 5. మూడింటినీ హెచ్చించి రెండుతో భాగిస్తే సుమారు 58 మి.లీ. మధ్యరేఖ ఎడమకు 9 మి.మీ. జరిగింది. కణత ఎముకలో గీత విరుపు. 30 మి.లీ. దాటిన ఎపిడ్యూరల్ గడ్డను జీసీఎస్ ఎంతున్నా తీసేయాలి. అంతకంటే చిన్నదై, మందం 15 మి.మీ. లోపు, మధ్యరేఖ జరుగుడు 5 మి.మీ. లోపు ఉండి, జీసీఎస్ 8కి పైన, కాళ్లూ చేతులూ బాగుంటే కాపలా కాస్తూ మళ్లీ మళ్లీ సీటీ తీసుకోవచ్చు. ఇక్కడ ఆ మాటే లేదు.

కుడి వైపు పుర్రె ఎముకను పలకలా తీసి గడ్డను కడిగేశారు. కారుతున్న ధమని కొమ్మను బైపోలార్ పరికరంతో, అంటే కరెంటు వేడితో మూసి, డ్యూరాను ఎముక అంచులకు చుట్టూ కుట్లతో ఎత్తి కట్టారు. ఖాళీ మిగిలితే మళ్లీ రక్తం చేరేది అక్కడే. ఎముకను తిరిగి అమర్చారు. ఆపరేషన్ అయిన గంటకు కుడి కనుపాప 3.5 మి.మీ.కు దిగి వెలుతురుకు కదిలింది.

జీసీఎస్ తీసేటప్పుడు జారే చోట్లు

1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ తయారు చేసిన కొలత ఇది. కళ్లకు 4, మాటకు 5, కదలికకు 6. 13 నుంచి 15 తేలిక, 9 నుంచి 12 మధ్యస్థం, 8, అంతకంటే తక్కువ తీవ్రం. మొత్తం ఒక్కటే రాస్తే పనికిరాదు, మూడూ విడివిడిగా, పక్కన సమయంతో రాయాలి. "కళ్లు 4, మాట 4, కదలిక 6, రాత్రి 8:30" అని ఉంటే తర్వాత చూసేవారికి పోల్చుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఒక్కసారి తీసిన జీసీఎస్ ఆ నిమిషం సంగతి మాత్రమే చెబుతుంది. ఈ పేషెంటుకు అది 8:30కి 14. పదింటికి ఎవరైనా తీసి ఉంటే 13కో 12కో దిగడం కనబడేది. మనకు కావలసింది ఆ దిగుడు.

మాట పరీక్షకు "ఈ రోజు తేదీ ఎంత?" అని అడుగుతారు. పొలం పని చేసే చాలామంది మామూలు రోజున కూడా తేదీ చెప్పలేరు. ఏ వారం, మీ ఊరి సంత ఎప్పుడు, ఇప్పుడు యాడున్నావు, నిన్ను ఎవరు తీసుకొచ్చారు అని అడగాలి. కర్నూలు పాతబస్తీలో ఉర్దూ, ఆదోని వైపు కన్నడ ఇంటి భాష అయినవాళ్లు ఉంటారు. దెబ్బ తగిలిన మనిషి ఇంటి భాషలోకే జారిపోతాడు. మనకు అర్థం కాలేదని మార్కు తగ్గించకుండా బంధువును పక్కన పెట్టుకుని అడిగించాలి. సరిగ్గా చెబుతున్నాడా, అతుకులేని మాటలు మాట్లాడుతున్నాడా అనేది వాళ్లే చెబుతారు.

కదలికకు "నా చెయ్యి పట్టుకో" అంటే చాలదు. అరచేతిలో ఏది పెట్టినా బిగించే ప్రతిచర్య ఉండొచ్చు. పట్టుకున్నాక "వదులు" అనాలి, లేదా "రెండు వేళ్లు చూపించు" అనాలి. నొప్పి పరీక్షకు గోరు అంచున పెన్నుతో నొక్కడం, మెడ పక్క కండరాన్ని పిండటం చాలు. ఛాతీ ఎముక మీద పిడికిలితో రుద్ది చర్మం కమిలేలా చేయనక్కర్లేదు. చెయ్యి కాలర్ ఎముకను దాటి నొప్పి ఉన్న చోటికి వస్తే 5, ఊరికే వెనక్కి లాక్కుంటే 4. రెండు చేతుల్లో తేడా ఉంటే మెరుగైన చేతి మార్కు వేసి, తేడాను పక్కన రాయాలి.

కనుపాపలకు సెల్‌ఫోన్ లైటు పనికొస్తుంది కానీ గది లైటు ఆర్పకపోతే చిన్న తేడా తెలియదు. మి.మీ.లో రాయాలి, "నార్మల్" అని కాదు. ఒక మి.మీ. మించిన కొత్త తేడా ప్రమాదమే. పాత కంటిపొర ఆపరేషన్, కంటికే తగిలిన దెబ్బ తప్పుదారి పట్టించగలవు, అందుకే ఇంట్లోవాళ్లను అడగాలి. కనుపాప పెద్దదవడం ఆలస్యపు గుర్తు. బీపీ పెరిగి నాడి తగ్గడం ఇంకా ఆలస్యం. వాటి కోసం ఎదురుచూస్తే పుణ్యకాలం దాటిపోతుంది. మొదట వచ్చేవి చాలా మామూలువి: పెరుగుతున్న తలనొప్పి, వాంతి, చిరాకు, మగత, అడిగిందే అడగడం.

పుర్రె అడుగు విరిగిన గుర్తులు ఇతనిలో లేవు. ఉన్నప్పుడు చెవి నుంచి రక్తం లేదా నీళ్లలాంటి ద్రవం, రెండు కళ్ల చుట్టూ నలుపు, చెవి వెనక కమిలిన మచ్చ కనిపిస్తాయి. నలుపు, మచ్చ గంటల తర్వాతే తేలుతాయి కాబట్టి మొదటి చూపులో లేవని కొట్టేయకూడదు. చెవిలో దూది కుక్కొద్దు. అలాంటి పేషెంటుకు ముక్కు నుంచి గొట్టం వేయకూడదు, నోటి నుంచే వేయాలి.

మద్యం వాసన

చీటీ మీద ఆ మూడు పదాలు రాయడంతోనే మిగతా ఆలోచన ఆగిపోయింది. ఇతను మార్కెట్ దగ్గర ఒక క్వార్టర్‌లో సగం తాగాడు. ఆ మోతాదుకు రెండు గంటల తర్వాత మత్తు తగ్గాలి, పెరగకూడదు. తాగినవాడు గంట గంటకూ తేరుకుంటాడు, తలలో రక్తం చేరుతున్నవాడు గంట గంటకూ దిగజారతాడు. తేడా తెలిసేది మళ్లీ చూసినప్పుడే. ఇంకా చెప్పాలంటే తాగినవాడికే తలకు దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ, రోజూ తాగేవాడికి రక్తం గడ్డకట్టే శక్తి తక్కువ. మద్యం వాసన ఉంటే సీటీ వైపే మొగ్గాలి. వేలి రక్తంలో షుగరు మాత్రం ప్రతివారికీ చూడాల్సిందే. షుగరు పడిపోయినవాడూ తాగినవాడిలానే ఉంటాడు.

మందులతో అయ్యే నష్టం

నొప్పికి పారాసిటమాల్ ఇవ్వాలి. డైక్లోఫెనాక్ రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల పని తగ్గిస్తుంది, లోపల రక్తం కారుతుందేమో తెలియనప్పుడు వద్దు. ట్రమడాల్ మగత తెస్తుంది, వాంతి తెస్తుంది, ఫిట్స్ అవకాశం పెంచుతుంది. ఎవిల్, ఫినర్గాన్ లాంటి మగత తెచ్చే ఎలర్జీ ఇంజెక్షన్లు ఇస్తే వచ్చిన మగత దేనిదో ఎవరూ చెప్పలేరు. ఓండన్‌సెట్రాన్ మగత తేదు కానీ వాంతుల లెక్కను దాచేస్తుంది. ఇస్తే "ఇంతకుముందు ఒకసారి వాంతి అయింది" అని రాసి ఇవ్వాలి. గింజుకుంటున్న పేషెంటుకు డయజిపామ్ పొడిచి పడుకోబెట్టడం అన్నిటికంటే చెడ్డది. గింజుకోవడానికి కారణం ఆక్సిజన్ చాలకపోవడం, నిండిన మూత్రాశయం, లేదా పెరుగుతున్న గడ్డ కావచ్చు.

డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇప్పటికీ చీటీల మీద కనిపిస్తోంది. పది వేలమందికి పైగా పేషెంట్లతో జరిగిన క్రాష్ ట్రయల్ 2004లోనే తేల్చింది: తలగాయానికి అధిక మోతాదు స్టెరాయిడ్ ఇచ్చినవారిలో రెండు వారాల్లో మరణాలు 21.1 శాతం, ఇవ్వనివారిలో 17.9 శాతం. ఇక చర్చకు చోటు లేదు. రక్తం కారడం తగ్గించే ట్రానెక్సామిక్ ఆసిడ్ సంగతి వేరు. 2019 నాటి క్రాష్-3 ప్రకారం దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు ఒక గ్రాము పది నిమిషాల్లో, ఇంకో గ్రాము ఎనిమిది గంటల్లో ఇస్తారు. ఆ ట్రయల్‌లో చేర్చుకున్నది జీసీఎస్ 12, అంతకు తక్కువ ఉన్నవారిని, లేదా సీటీలో రక్తం కనిపించినవారిని. 8:30కి జీసీఎస్ 14తో, సీటీ లేకుండా ఉన్న ఈ పేషెంటు దానిలోకి రాడు. కర్నూలు చేరేసరికి ఐదున్నర గంటలు దాటింది, అప్పుడు ఇవ్వలేదు.

సెలైన్ అంటే సాధారణ సెలైనే. 5 శాతం డెక్స్‌ట్రోస్ మెదడు వాపు పెంచుతుంది, దాన్ని "బలానికి" ఎక్కించే అలవాటు మానాలి.

సీటీ లేని చోట చేయగలిగేది

పుర్రె ఎక్స్‌రే తీసి సమయం పోగొట్టకూడదు. అందులో గీత కనిపించకపోతే తేలేదేమీ లేదు, లోపలి రక్తం అసలే కనపడదు. ఇలాంటి పేషెంటును జీసీఎస్ 15కు వచ్చేదాకా అరగంటకోసారి, వచ్చాక మరో రెండు గంటలు అరగంటకోసారి, తర్వాత నాలుగు గంటలు గంటకోసారి చూడాలి. పైన చెప్పిన గుర్తుల్లో ఒక్కటి ఉన్నా, ఉన్న మార్కు ఒక్కటి తగ్గి అరగంట అలాగే ఉన్నా సీటీ ఉన్న ఆసుపత్రికి పంపించేయాలి. పంపేముందు ఆక్సిజన్ 94 పైన, పెద్దవాళ్లకు పై బీపీ 110కి తగ్గకుండా చూడాలి. ఆక్సిజన్ 90 కిందికీ, బీపీ 90 కిందికీ పోవడం గాయపడ్డ మెదడుకు రెండో దెబ్బ. తలగాయం ఒక్కటే పెద్దవాళ్ల బీపీని పడగొట్టడం అరుదు, పడిపోతే కడుపులో, ఛాతీలో, తుంటిలో రక్తం వెతకాలి.

రిఫరల్ చీటీలో దెబ్బ తగిలిన గంట, ఎలా పడ్డాడు, స్పృహ ఎంతసేపు లేదు, జీసీఎస్ మూడు భాగాలు సమయాలతో, కనుపాపలు మి.మీ.లో, వాంతులు ఎన్ని, ఇచ్చిన మందులు గంటతో సహా, రక్తాన్ని పలచబరిచే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వాడకం, చివరగా తిన్నది ఎప్పుడు అన్నీ ఉండాలి. ముందే ఫోన్ చేస్తే సీటీ బల్ల ఖాళీగా ఉంటుంది. మెడికో లీగల్ కేసు రాయడం డాక్టరు పనే, దాని కోసం బండి ఆపకూడదు. డబ్బు గురించి వెనకాడేవాళ్లకు చెప్పాల్సిందొకటి ఉంది. 2025 మేలో కేంద్రం ప్రకటించిన నగదురహిత చికిత్స పథకంలో రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా వర్తిస్తుంది. తీసుకొచ్చినవాళ్లకు మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ రక్షణ ఉంది, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు.

రోడ్డు మీద ఉన్నవాళ్లకు మాటలు తక్కువే. మెడ వంచి ఆటోలో కూర్చోబెట్టొద్దు. తేరుకున్నాడని నీళ్లు తాగించొద్దు, వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాంతి వస్తుంటే తల, మెడ, నడుము ఒకే వరసలో ఉంచి మొత్తం మనిషినే పక్కకు తిప్పాలి. ఎంతసేపు పలకలేదో గడియారం చూసి గుర్తుంచుకుని డాక్టరుకు చెప్పాలి.

ఇంటికి పంపదగినవాడని తేలినా చేతికి మాత్రలు మాత్రమే ఇచ్చి పంపకూడదు. తోడు ఒక పెద్దమనిషి ఉండాలి, 24 గంటలు. ఇంటివాళ్లకు వాళ్ల మాటల్లోనే చెప్పాలి: "పడుకోనీండి, కానీ రెండు గంటలకొకసారి లేపండి. పేరు, ఊరు, ఎవరిల్లు అని అడగండి. సరిగ్గా చెప్పకపోయినా, మళ్లా కక్కుకున్నా, ఎప్పుడూ లేని గురక పెట్టినా, ఒక పక్క చెయ్యి కాలు లాగినా, మూర్ఛ వచ్చినా, తలనొప్పి ఎక్కువైపోతున్నా తెల్లారేదాకా చూడొద్దు, 108కి చేయండి." మందు తాగొద్దు, బండి నడపొద్దు. ఫోన్ నంబరు రాసుకుని పదకొండింటికి ఆసుపత్రి నుంచే ఒకసారి ఫోన్ చేయించగలిగితే ఇలాంటి కేసులు కొన్ని ముందే దొరుకుతాయి.

రెండేళ్లలోపు పిల్లలు చెప్పలేరు. నుదుటి మీద కాక పక్కన, వెనక మెత్తటి బుడిపె ఉన్నా, పాలు తాగకపోయినా, తల్లి "ఎప్పటి మాదిరి లేడు" అన్నా పంపించడానికి అదే సరిపడా కారణం.

ముసలివాళ్లలో ఇంకో రూపం ఉంది. స్నానాల గదిలో జారి తల గోడకు తగిలినవారు, గుండెకు ఆస్పిరిన్ వాడేవారు, మూడు నాలుగు వారాలకు నడక తూలుతూ, మతిమరుపుతో, ఒక పక్క బలహీనతతో వస్తారు. పక్షవాతమని నాటుమందుకు పోతారు, వయసు మీద పడిందని వదిలేస్తారు. అది డ్యూరా పొర కింద నెమ్మదిగా చేరిన సబ్‌డ్యూరల్ రక్తం. సీటీలో నెలవంకలా కనిపిస్తుంది, పాతబడేకొద్దీ నలుపు తిరుగుతుంది. పుర్రెకు చిన్న రంధ్రాలు వేసి కడిగేస్తే చాలామంది మళ్లీ నడుస్తారు. ఇంట్లోవాళ్లు ఆ జారుడును మరిచిపోయి ఉంటారు కాబట్టి "ఈ రెండు నెలల్లో ఎక్కడైనా పడినారా?" అని మనమే అడగాలి.

తర్వాత

రెండో రోజు గొట్టం తీశారు. నాలుగో రోజుకు జీసీఎస్ 15. ఫిట్స్ రాకుండా లెవిటిరాసెటమ్ 500 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ఏడు రోజులే. తొమ్మిదో రోజు డిశ్చార్జ్.

ఆరు వారాలకు కుట్ల దగ్గర నొప్పి తగ్గింది, ఎడమ చేతి బలం పూర్తిగా వచ్చింది. కానీ చిన్నదానికీ కోపం, శబ్దం పడకపోవడం, టమాటా బాక్సుల లెక్క నోటితో వేయలేకపోవడం ఉన్నాయి. "మనిషి బాగుండాడు గానీ మునుపటి మాదిరి లేడు" అంది భార్య. ఇవి కూడా గాయం లక్షణాలే, మొండితనం కాదని ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు. నిద్ర వేళకు పోవాలి, మందు మానాలి, పని రోజుకు రెండు గంటలతో మొదలుపెట్టి పెంచుకోవాలి. మూడు నెలలకు సొంతంగా మార్కెట్ లెక్క చూసుకుంటున్నాడు. బండి ఇంకా ఇవ్వలేదు.

ఆ రాత్రి గురించి అతన్ని మళ్లీ అడిగారు. డబ్బు లెక్కపెట్టడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది ఐదో రోజు పొద్దున వార్డులో కిటికీ. రాళ్లు, 108, కుట్లు, ఇల్లు ఏవీ లేవు. డ్యూటీ డాక్టరుతో "నాకేం కాలేదు సార్, బాగుండా, ఇంటికి పోతా" అన్నదీ గుర్తు లేదు.